మూతల మీద చుక్కలు

పిన్నికి అనుమానం ఉద్యోగం వల్ల వచ్చిందని కొందరంటారు. శుద్ధ తప్పు. అనుమానం వల్లే ఆవిడకి ఉద్యోగం వచ్చింది. ఇరవై ఆరేళ్ల క్రితం ఇంటర్వ్యూలో, అప్పట్లో ప్రయోగశాల నడిపే పెద్దాయన రెండు సీసాల్లో నీళ్లు పోసి బల్ల మీద పెట్టి, వీటిలో ఏది శుభ్రమైనదో చెప్పమన్నాడు. ముందు వెళ్లిన ఏడుగురూ ఏదో ఒకటి చూపించి బయటికొచ్చారు. ఈవిడ రెండింటినీ వెలుతురుకి పట్టి చూసింది, మూతలు తీసి వాసన చూసింది, చివరికి "ముందు ఈ సీసాలు ఎవరు కడిగారో చెప్పండి" అంది. మర్నాటి నుంచే పనిలోకి రమ్మన్నారు.

అప్పటి నుంచి ఆ ప్రయోగశాలలో అందరికీ ఆవిడ పిన్నే. గేటు దగ్గర కాపలా మనిషి ఆవిడకంటే రెండేళ్లు పెద్ద, అతను కూడా పిన్నీ అనే పిలుస్తాడు. ఇంట్లోనూ ఇదే తంతు. పాల ప్యాకెట్టు మీద తేదీ రెండుసార్లు చదవనిదే కత్తెర పెట్టదు. భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, పాపం సాధువు. ఆయన బయటికెళ్లి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఈవిడ ముందు ఆయన చెప్పుల మట్టి చూస్తుంది.

"నన్ను అడగొచ్చు కదే, చెప్పుల్ని ఏం అడుగుతావు?" అంటాడాయన.

"మిమ్మల్నీ అడుగుతాను, ఆగండి" అంటుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆవిడ చేసే పనికి ఆ గుణమే కావాలి. ఎలుక పిండం మెదడులోంచి తీసిన కణాలను చిన్న చిన్న మూత పళ్లేలలో, గాజు బిళ్లల మీద పెంచడం ఆవిడ పని. మనిషి ఊపిరి తగిలితే చాలు, బూజు పట్టి మొత్తం పోతాయి. గోరంత పొరపాటు జరిగితే నెల రోజుల శ్రమ సింకులో పోసుకోవాలి. పక్క ప్రయోగశాలల్లో ఏడాదికి నాలుగైదుసార్లు బూజు వస్తుంది. ఆ పళ్లేలను వెచ్చగా ఉంచే పెట్టె, పిన్ని ఇంక్యుబేటర్‌లో, ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. దాని తాళంచెవి ఆవిడ మెడలో గొలుసుకి వేలాడుతుంది, స్నానానికి కూడా తీయదు.

ఆ కణాలు పెరిగే తీరు పిన్నికి చదువుకున్నవాళ్లకంటే బాగా తెలుసు. తొలిరోజు కణం గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. రెండో రోజుకి నాలుగైదు పొట్టి కాళ్లు వేస్తుంది. అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదానికి ఇంకోటి తీసిపోదు. మూడో రోజు వాటిలో ఒక్క కాలికి కబురు అందుతుంది. కబురంటే మాట కాదు, రసాయనం. ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌ని తడుతుంది, అది మరోదాన్ని తడుతుంది, అలా కాలి చివరిదాకా చేరుతుంది. ఆ కాలిలో సన్నటి గొట్టాలుంటాయి, మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. కబురు అందగానే అవన్నీ ఒకే దిక్కుకి తిరిగి గట్టిపడి నిలబడతాయి. ఆ కాలు సాగి సాగి పొడవాటి తీగ అవుతుంది. కబురు అందని కాళ్లు పొట్టిగానే ఉండిపోతాయి, వాటిలో గొట్టాలు ఒకటి అటు, ఒకటి ఇటు కలగాపులగంగా ఉంటాయి.

"ఆ పొట్టికాళ్లు ఏం పాపం చేశాయి? వాటికెవరూ చెప్పలేదు, అంతే కదా" అని పిన్ని ఒకసారి అంటే, అక్కడ పరిశోధన చేసే పొడుగమ్మాయి పడీ పడీ నవ్వింది.

ఆ పొడుగమ్మాయి పరిశోధనంతా ఆ కబురు మీదే. కబురుని దారిలోనే ఆపేసే మందు ఒకటుంది. సగం పళ్లేలలో ఆ మందు వేస్తారు, సగం పళ్లేలలో వేయరు. మందు వేసినవాటిలో గొట్టాలు నిలబడకుండా ముక్కలవ్వాలి, వేయనివాటిలో నిటారుగా ఉండాలి. ఈ తేడాని ఫొటోలు తీసి, కంప్యూటర్‌తో కొలిచి చూపించాలి. ఆ అమ్మాయి చదివింది లెక్కలు, వచ్చింది కణాల దగ్గరికి. కొలతల్లో దిట్ట, గ్లాసు కడగమంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. పిన్ని పళ్లెం ఇస్తే కళ్లు మూసుకుని తీసుకుంటుంది.

అలాంటిది, మూడు విడతలుగా మందు వేయని పళ్లేలలో కూడా గొట్టాలు ముక్కలుగానే కనిపించాయి.

మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి పొడుగమ్మాయి మొహం వాడిపోయింది. మూడోసారి ప్రయోగశాల నడిపే మేడమ్ పిన్నిని గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసింది.

"పిన్నీ, మీ కన్ను ఎలా ఉంది?"

పిన్నికి విషయం అర్థమైపోయింది. రెండు నెలల క్రితం కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మూడు వారాలు సెలవు పెట్టి వచ్చింది. ఇంకో మూడు నెలలు ఘాటు వాసనల జోలికి వెళ్లొద్దని డాక్టరు చెప్పాడు. పెంచిన కణాలను ఉన్నవి ఉన్నట్టుగా ఆపేసే ఫిక్సేటివ్ అనే మందు భలే ఘాటు, కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది. అందుకని ఆ ఒక్క పనీ వేరే మనిషికి ఇచ్చారు. కణాలు పెంచడం పిన్ని, వాటిని ఆపడం అతను.

"కన్ను బాగానే ఉంది మేడమ్. ఇదివరకటికంటే బాగా కనిపిస్తోంది. చాలా కనిపిస్తున్నాయి" అంది పిన్ని.

మేడమ్ కాసేపు పెన్ను తిప్పింది. "మీ మీద నమ్మకం లేక కాదు. కానీ ఆ అమ్మాయికి ఇంకో ఏడాదే ఉంది. సోమవారం విడత కూడా ఇలాగే వస్తే, కణాలు పెంచే బల్ల అతనికి ఇచ్చేస్తాను. మీరు స్టోరు గది చూసుకుందురు గాని. రిటైరయ్యేదాకా హాయిగా కూర్చుని చేసే పని."

హాయిగా కూర్చునే పని ఆవిడకెందుకు? ఆ బల్ల ముందు నిలబడే కదా ఆవిడ మనిషి అయింది. బయటికొచ్చి, మెడలో తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుని, అతని వంక చూసింది.

అతన్ని పిన్ని మనసులో 'బదిలీ' అని పిలుచుకునేది. మూతపడిన ఇంకో ప్రయోగశాల నుంచి బదిలీ మీద వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, బట్టతల, మెత్తటి గొంతు. రోజూ అందరికంటే ఇరవై నిమిషాలు ముందొస్తాడు. పిన్ని కుర్చీ తుడిచి పెడతాడు. ఆవిడ ఫ్లాస్కులో వేడినీళ్లు నింపి ఉంచుతాడు. "పిన్నిగారూ, అండీ" తప్ప మాట రాదు. పిన్నికి ఒళ్లు మండిపోయేది అక్కడే. ఏ లాభమూ లేకుండా ఎవడైనా పరాయివాళ్ల కుర్చీ తుడుస్తాడా? ముందు ఆపే పని తీసుకున్నాడు. ఇప్పుడు పెంచే పని మీద కన్నేశాడు. పళ్లేలు పాడైతే బల్ల ఎవరికొస్తుంది? అతనికే. పిన్ని లెక్కల్లో అది రుజువైపోయినట్టే.

ఇక చూడండి. ఆ రోజు నుంచి కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. అతను నడిచే దారి, తెరిచే తలుపులు, చేతులు కడుక్కునే సబ్బు, దేన్నీ వదల్లేదు. ఇంక్యుబేటర్ అడుగున తేమ కోసం నీళ్ల తొట్టి ఉంటుంది, దాన్ని రోజూ నింపడం అతని వంతు. అంటే రోజుకోసారి తాళంచెవి ఇవ్వక తప్పదు. ఆ రెండు నిమిషాల్లో మూత తీసి ఏదైనా చుక్క వేస్తే ఎవరికి తెలుస్తుంది?

పిన్నికి ఒక ఉపాయం తట్టింది. కూతురు పాత గోళ్లరంగు సీసా, ఎర్రటిది, సంచిలో వేసుకొచ్చింది. ఒక్కో పళ్లెం మూత అంచున ఒక చుక్క, దాని కిందే పళ్లెం అంచున ఇంకో చుక్క పెట్టింది. రెండూ ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఎవరైనా మూత తీసి మళ్లీ పెడితే, ఎంత జాగ్రత్తపరుడైనా చుక్కలు సరిగ్గా కలవవు. ఇరవై నాలుగు పళ్లేలు, నలభై ఎనిమిది చుక్కలు. పెట్టేసి, ఏమీ ఎరగనట్టు తన పనిలో పడింది.

గురువారం చూసింది. చుక్కలన్నీ కలిసే ఉన్నాయి. శుక్రవారమూ అంతే. శనివారం భూతద్దం పెట్టి మరీ చూసింది. ఒక్క చుక్క వెంట్రుకవాసి కూడా జరగలేదు. వేరే ఎవరైనా అయితే పోనీలే, మంచివాడే అనుకునేవారు. పిన్ని మాత్రం, వీడెంత గట్టి పిండమో అనుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూతురు ఫోను చేసింది. తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకుంది ఆ పిల్ల. పిన్ని స్పీకరు పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అమ్మా, నువ్వు చెప్పిన కొలతలతోనే జాకెట్టు కత్తిరించాను. మళ్లీ భుజం దగ్గర పట్టేసింది. నీకెప్పుడూ రాదు, నాకే ఎందుకొస్తుందే?"

"చంక దగ్గర అరంగుళం వదలాలిగా మరి" అంది పిన్ని అనాలోచితంగా.

"ఆ అరంగుళం సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడైనా చెప్పావా అమ్మా?" అని కూతురు పెట్టేసింది.

భర్త పేపరు పక్కన పెట్టాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, అప్పుడూ పెంచలేదు.

"నువ్వు ఏ పనైనా ఎవరికైనా పూర్తిగా చెప్పావా ఏనాడైనా?"

"నేనేం దాచాను? అడిగితే చెప్పనూ?"

"అడగాలని వాళ్లకెలా తెలుస్తుందే?" అని ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. పిన్నికి కోపం వచ్చి, వీధి తలుపు గడియ పడిందో లేదో చూసే నెపంతో లేచి వెళ్లిపోయింది.

సోమవారం పది గంటలకి బదిలీ మనిషి ఆ విడత కణాలను ఆపాలి. పిన్ని అతనికంటే ముందే రావాలని ఎనిమిదిన్నరకే వచ్చింది. చుక్కలు చూసింది. కలిసే ఉన్నాయి. కణాలను మైక్రోస్కోపు కింద చూసింది. బంగారంలా ఉన్నాయి, ప్రతి కణానికీ ఒక్కో పొడుగు కాలు సాగి ఉంది. మరి పాడవుతున్నది ఎక్కడ? పెంచేదాకా ఏ లోపమూ లేదంటే, ఆపేటప్పుడే ఏదో జరుగుతోంది. గబగబా అతని బల్ల దగ్గరికి వెళ్లింది. ఫిక్సేటివ్ సీసా అక్కడ లేదు. ఫ్రిజ్ తెరిచింది. వెనక వరసలో ఉంది. తీసి చేత్తో పట్టుకుంది.

మంచుముక్కలా ఉంది.

పిన్నికి క్షణంలో అంతా తెలిసిపోయింది. ఆ గొట్టాలకి చలంటే పడదు. ఇంక్యుబేటర్‌లో ఒంటి వేడిలో హాయిగా ఉన్న కణాల మీద ఇంత చల్లటి మందు కుమ్మరిస్తే, మందు వాటిని పట్టి ఆపేలోపలే గొట్టాలు విరిగి ముక్కలైపోతాయి. మిగిలేవి మహా గట్టివి కొన్ని. ఫొటోలో చూస్తే అచ్చం కబురు ఆపేసిన పళ్లెంలాగే ఉంటుంది. అందుకే సీసాని ముందు గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో అరగంట ఉంచాలి, చెయ్యి పెడితే వేడీ చలీ తెలియకూడదు. పిన్ని ఇరవై ఆరేళ్లుగా అలాగే చేస్తోంది.

దొరికాడు అనుకుంది. ఆ క్షణంలో ఆవిడకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక చేత్తో సీసా పట్టుకుని, ఇంకో చేత్తో పద్ధతుల పుస్తకం లాగింది. నీలం అట్ట, ప్రయోగశాలలో ప్రతి పనీ ఎలా చేయాలో వరసగా రాసి ఉంటుంది. పుస్తకంలో ఒకటుంటే ఇతను ఇంకోటి చేస్తున్నాడని మేడమ్‌కి వేలు పెట్టి చూపించాలి. పదకొండో పేజీ తీసింది.

రాత ఆవిడదే. 'మందు ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి. పళ్లెంలో ద్రవం తీసేసి, మందు పోసి, పదిహేను నిమిషాలు ఉంచాలి.' అంతే. నీళ్ల తొట్టి లేదు, అరగంట లేదు, గోరువెచ్చన అనే మాటే లేదు.

పిన్ని సీసాని బల్ల మీద పెట్టింది. మర్చిపోయి వదిలేసింది కాదు. పదకొండేళ్ల క్రితం ఒక పెద్దమనిషి నెల రోజుల పనికని వచ్చి, పాత పుస్తకమంతా ఫొటోలు తీసుకుపోయి, అవన్నీ తన పద్ధతులేనని వేరేచోట చెప్పుకున్నాడు. ఆ కడుపుమంటతో పిన్ని చిరిగిన పాత పుస్తకాన్ని తిరగరాస్తానని తనే అడిగి తీసుకుంది. ముచ్చటైన అక్షరాలతో రాసింది. ప్రతి పేజీలో ఏదో ఒకటి వదిలేసింది. ఎవడు ఎత్తుకుపోయినా పని సాగకూడదు, తను లేందే ఇక్కడ పళ్లెం కదలకూడదు. మేడమ్ అప్పుడు మెచ్చుకుంది కూడా.

తొమ్మిది దాటింది. గదిలో ఎవరూ లేరు. పిన్నికి ఆలోచన రాకపోలేదు. సీసాని తనే వెచ్చబెట్టి, ఈ ఒక్కరోజూ నేనే ఆపుతానని కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు. ఈ విడత బ్రహ్మాండంగా వస్తుంది. పిన్ని చెయ్యి పడితే బాగుపడింది, అతని చెయ్యి పడితే పాడైంది అనుకుంటారు. బల్ల ఆవిడకే ఉంటుంది. అతను ఇంకో ఊరికి బదిలీ అవుతాడు. పుస్తకం సంగతి ఎవడికీ తెలియదు. పిన్ని సీసాని గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పెట్టి, దాని మెడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అతను వచ్చాడు. ఎప్పటిలాగే నమస్కారం పెట్టాడు, కుర్చీ తుడిచాడు. ఫ్రిజ్ తెరిచి వెతుక్కున్నాడు.

"పిన్నిగారూ, మందు సీసా చూశారాండీ?"

"ఇక్కడుంది. వెచ్చబెడుతున్నాను."

"వెచ్చబెట్టాలా అండీ? మా పాత చోట అన్నీ మంచుపెట్టెలోనే చేసేవాళ్లం. పుస్తకంలో కూడా..."

"పుస్తకంలో లేదు. తెలుసు." పిన్ని గొంతు పెరిగింది. కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియలేదు. "లేకపోతే నన్ను అడగొద్దూ? నోరుంది కదా నీకు?"

అతను చేతిలో గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"అడిగానండీ. మొదటిరోజే అడిగాను. పేజీ చూపించి, ఇంతేనా పిన్నిగారూ, ఇంకేమైనా ఉందా అన్నాను. 'రాసింది చదువుకో చాలు' అన్నారు."

అన్నమాట నిజమే. ఆ రోజు అన్న తీరు, తిప్పుకున్న మొహం కూడా పిన్నికి జ్ఞాపకం వచ్చాయి. తల తీసేసినట్టయింది. పుస్తకం చంకన పెట్టుకుని తిన్నగా మేడమ్ గదికి నడిచింది. అక్కడ పొడుగమ్మాయి కూడా కూర్చుని ఉంది. పిన్ని పదకొండో పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది మేడమ్. మందు వెచ్చబెట్టాలని రాయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే రాయలేదు."

మేడమ్ పేజీ చదివి, కళ్లజోడు తీసేసింది. "చలికి గొట్టాలు పడిపోతాయని నాకూ తెలుసు. మీరే చేస్తున్నారు కదా అని అడగడం మానేశాను." తర్వాతి పేజీ తిప్పి అంది: "ఇంకా ఏమేం రాయలేదు పిన్నీ?"

"లెక్కపెట్టలేదు మేడమ్."

పొడుగమ్మాయి లేచింది. రెండు నెలల ఫొటోల ఫైలు మూసి, కంప్యూటర్ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. తిట్టినా బాగుండేది.

మేడమ్ తీర్పు పెద్దదేమీ కాదు. బల్ల అతనికి. పిన్ని పక్కన కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా వదిలేసినవన్నీ చెప్పాలి, అతను రాయాలి. పుస్తకం పూర్తయ్యాక స్టోరు గది.

పూర్తవడానికి పన్నెండు రోజులు పట్టింది. గాజు బిళ్లలు చివరిసారి కడిగిన నీళ్లు నాలుక మీద వేసుకునేంత శుభ్రంగా ఉండాలని, పళ్లెం ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలని, కణాలకి పోసే ద్రవం రంగు నారింజకి తిరిగితే ఆ రోజే మార్చాలని, ఇంక్యుబేటర్ తలుపు చప్పుడు మారితే రబ్బరు అరిగినట్టని, ఒక్కొక్కటే చెప్పింది. మొదట్లో పన్ను పీకినట్టు ఉండేది. తర్వాత ఎందుకో ఆవిడే ఆపలేకపోయింది. "ఆగండి పిన్నిగారూ, చెయ్యి నొప్పెడుతోంది" అని అతనే అనేవాడు.

మధ్యలో ఒకరోజు పొడుగమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "పిన్నీ, ఓసారి రా" అంది. ఆ సోమవారం విడత ఫొటోలు వచ్చాయి. నల్లటి తెర మీద ఆకుపచ్చటి గొట్టాలు, కాలి పొడవునా నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి. పక్క ఫొటోలో, కబురు ఆపేసిన కాళ్లలో, ముక్కలు ముక్కలుగా. తేడా గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"ఆపింది ఎవరు?" అంది పిన్ని, తెలిసే.

"ఆయనే. సీసా వెచ్చబెట్టి."

పిన్ని కొత్త కంటితో, పాత కంటితో చాలాసేపు తప్పు వెతికింది. దొరకలేదు. "బాగుంది" అంది. పొడుగమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

పన్నెండో రోజు సాయంత్రం చివరి పేజీ అయిపోయింది. అతను పెన్ను మూత పెట్టబోతూ అడిగాడు.

"ఇంతేనా పిన్నిగారూ, ఇంకేమైనా ఉందా?"

అదే మాట. పిన్ని మెడలో గొలుసు తీసి, తాళంచెవి విడదీసింది. ఒక్కటి మిగిలింది. అదొక్కటీ దాచుకుంటే ఎవరికీ నష్టం లేదు. అయినా చెప్పింది.

"మూతల మీద చుక్కలు. మూత మీద ఒకటి, కింద ఒకటి. ఎవరైనా తెరిస్తే కలవవు. నాలుగు రోజులు పెట్టి చూశాను."

అతను తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. "తెలుసండీ. అడుగు తొట్టిలో నీళ్లు పోయడానికి పళ్లేలు బయటికి తీసినప్పుడు మూతలు కాస్త తిరిగిపోయేవి. చుక్కలు మళ్లీ కలిపి పెట్టేవాణ్ని."

పిన్ని అతని వైపు తిరిగింది. భూతద్దం పెట్టి చూసిన చుక్కలు. "నీ కోసం పెట్టానని తెలిసే?"

"తెలిసేనండీ."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదండీ, వచ్చింది. రెండు రోజులు అన్నం సయించలేదు." అతను అప్పుడు తలెత్తాడు. "కానీ చుక్కలు జరిగి కనిపిస్తే మీరు ఆ పళ్లేలన్నీ పారేసేవారు. అవి మంచి పళ్లేలండీ."

పిన్ని తాళంచెవి బల్ల మీద పెట్టింది. సంచిలో చెయ్యి పెట్టి వెతికి, గోళ్లరంగు సీసా తీసి దాని పక్కన పెట్టింది.

"సగమే ఉంది. అయిపోతే ఎరుపే కొనుక్కో. వేరే రంగులు ఆ వెలుతుర్లో కనిపించవు" అంది. అతను ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాడు.